ఆటలో నోరు పారేసుకునేదెవరు, ఎందుకు?

(భీమవరంలో కాలేజీ విద్యార్థులు, తల్లిదండ్రులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడిన తీరుని మార్చలేదు.)

అందరికీ నమస్కారం అండి. ముందు వరసల్లో పెద్దవాళ్ళు కూర్చున్నారు, వెనకాల పిల్లలు. వెనక వరసలవాళ్ళకి ఫోన్లో ఆడే ఈ ఆన్‌లైన్ ఆటల గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ముందు వరసలవాళ్ళకి మాత్రం ఒక మ్యాచ్ ఎలా నడుస్తుందో చూపించకపోతే మిగతా ఉపన్యాసమంతా గాలికి పోతుంది. అందుకని అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

బీజీఎంఐ, అంటే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అని ఒక ఆట. పబ్జీ మొబైల్‌ని 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించాక, 2021 జూలైలో క్రాఫ్టన్ కంపెనీ మన దేశం కోసమని ఈ పేరుతో తెచ్చింది. మధ్యలో 2022 జూలైలో మళ్ళీ ఆపేశారు, 2023 మేలో తిరిగొచ్చింది. ఒక మ్యాచ్‌లో వంద మంది ఆడతారు. నలుగురు కలిస్తే ఒక స్క్వాడ్, అంటే ఇరవై అయిదు స్క్వాడ్‌లు. విమానంలోంచి దూకాలి, ఎనిమిది కిలోమీటర్ల పొడవు, ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు ఉన్న మ్యాప్‌లో ఎక్కడో దిగాలి, తుపాకులు ఏరుకోవాలి, చివరిదాకా మిగలాలి. మిగిలిన ఒక్క స్క్వాడే గెలిచినట్టు. అంతా కలిపి అరగంట లోపు వ్యవహారం.

ఇప్పుడు ఒక స్క్వాడ్‌ని దగ్గరగా చూడండి. ముగ్గురు పాలకొల్లు వైపు ఒకే ఊరి కుర్రాళ్ళు అనుకోండి. నాలుగోవాడు దొరక్కపోతే ఆటే ఎవర్నో ఒకర్ని తెచ్చి కలుపుతుంది. వాణ్ణి ‘రాండమ్’ అంటారు. ముగ్గురూ పోచింకీ అనే ఊళ్ళో దిగుదామన్నారు. అక్కడ సామాను ఎక్కువ, శత్రువులూ ఎక్కువే. రాండమ్‌ ఉన్నచోట నెట్ సరిగ్గా లేదు. రెండిళ్ళ అవతల దిగాడు. మైక్ ఆఫ్‌లో ఉంది. నిమిషం తిరక్కుండా ముగ్గురిలో ఒకడు నాక్ అయ్యాడు. నాక్ అంటే చచ్చిపోవడం కాదండి. మోకాళ్ళ మీద పాకుతుంటాడు, ప్రాణం కొంచెం కొంచెం కారిపోతుంటుంది. ఈలోగా టీమ్‌మేట్ ఎవరైనా వచ్చి కొన్ని సెకన్లు పక్కన కూర్చుని రివైవ్ ఇస్తే లేస్తాడు. రాండమ్ బయల్దేరాడు, చేరలేకపోయాడు. అవతలివాడు వచ్చి ఫినిష్ చేసేశాడు.

జరిగింది ఇంతే. ఆ తర్వాత మైక్‌లో వినబడేది ఇది. “ఒరేయ్ రాండమ్, కళ్ళు దొబ్బాయా నీకు?” జవాబు లేదు, మైక్ ఆఫ్ కదా. “వీడికి పొగరు చూడు, మాట్లాడడు.” రెండోవాడు అందుకున్నాడు, “బాట్‌గాడురా వీడు, అన్‌ఇన్‌స్టాల్ చేసుకోరా.” బాట్ అంటే మనిషి కాకుండా యంత్రం ఆడించే బొమ్మ. మూడోవాడు వాళ్ళ అమ్మ దాకా వెళ్ళాడు. తర్వాత ఎవడో ఒకడు గ్రెనేడ్ పిన్ను లాగి సొంత టీమ్‌వాడి కాళ్ళ దగ్గర పడేశాడు. మొదటి మాట నుంచి గ్రెనేడ్ దాకా నిమిషం కూడా పట్టదు.

ఆ ముగ్గురూ చెడ్డపిల్లలా? పొద్దున్న లేస్తే “ఏవండీ మేస్టారూ” అని పలకరించే పిల్లలే అయ్యుండొచ్చు. నాకు చెప్పాలనిపించింది అదే. వేధించేవాళ్ళంటే ఏదో ఒక జాతి మనుషులు, వాళ్ళని ఏరేస్తే ఆట శుభ్రపడుతుంది అనుకుంటాం. లెక్కలు అలా చెప్పడం లేదు.

లీగ్ ఆఫ్ లెజెండ్స్ అని అయిదుగురికి అయిదుగురు తలపడే ఆట ఉంది. దాన్ని నడిపే రయట్ గేమ్స్ కంపెనీ ఈ తిట్ల సంగతి చూడటానికి మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్ళతో ఒక బృందాన్ని పెట్టింది. జెఫ్రీ లిన్ అనే ఆయన దాన్ని నడిపించాడు. వాళ్ళు చాట్‌లు తిరగేస్తే తేలింది ఏమిటంటే, ఎప్పుడు చూసినా బూతులే మాట్లాడే ఆటగాళ్ళు నూటికి ఒక్కరే. ఆ ఒక్కరి వాటా మొత్తం గొడవలో అయిదు శాతమే. మిగిలిందంతా ఎక్కువగా మామూలు రోజుల్లో మామూలుగా ఆడుకునే మనుషుల నుంచి వచ్చింది, ఏదో ఒక పాడు రోజున. అంటే ఆ నూటికి ఒక్కణ్ణీ రేపు పొద్దున్నే బ్యాన్ చేసినా, తొంభై అయిదు శాతం అలాగే ఉంటుంది.

అయితే మామూలు మనిషికి ఆ నిమిషంలో ఏమవుతుంది?

మొదటిది, ఓటమి. కబడ్డీలో ఇద్దరిలో ఒకరు గెలుస్తారు. ఇక్కడ ఇరవై అయిదు స్క్వాడ్‌లలో ఇరవై నాలుగు ఓడాలి. ఆట అలా కట్టారు. ప్రతి మ్యాచ్‌లోనూ వందకి తొంభై ఆరు మంది ఓడి బయటికొస్తారు, పైగా ర్యాంక్ మ్యాచ్ అయ్యి, తొందరగా ఓడితే పాయింట్లు కూడా పోతాయి. ర్యాంకుల మెట్లలో ప్లాటినమ్ నుంచి డైమండ్‌కి, డైమండ్ నుంచి క్రౌన్‌కి ఎక్కుతున్నవాడికి ఆ పాయింట్లు అరగంట కూలి లాంటివి. ఆ అరగంట ఒక ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో పోయిందనిపిస్తే ఊరుకోవడం కష్టం.

రెండోది, తప్పు ఎవరిదన్న లెక్క. నేను గురి తప్పితే నెట్ లాగ్ అయింది, అంటే ఆలస్యంగా అందింది. వాడు గురి తప్పితే వాడు నూబ్, ఆట రానివాడు. ఇది ఆటగాళ్ళ జబ్బేం కాదు, మనుషులందరిదీ. మన తప్పుకి పరిస్థితిని, ఎదుటివాడి తప్పుకి వాడి గుణాన్ని కారణంగా చూస్తాం. ఆట దీన్ని ఇంకా పెంచుతుంది, ఎందుకంటే నా స్క్రీన్ మీద నాకు నా పింగ్, అంటే నెట్ ఎంత ఆలస్యంగా నడుస్తోందో చెప్పే అంకె, కనబడుతుంది. వాడి పింగ్ కనబడదు. వాడి పింగ్ 40 మిల్లీసెకన్లుందో 300 ఉందో, వాడి దగ్గర పాత ఫోను వేడెక్కి ఫ్రేములు పడిపోయి బొమ్మ ఆగి ఆగి కదులుతోందో నాకెలా తెలుస్తుంది? లంక గ్రామంలో ఒకే టవర్ మీద ఊరంతా వేలాడుతున్న సాయంత్రం పూట ఇది రోజూ జరిగేదే.

మూడోది ఒళ్ళు. గుండె వేగం పెరిగింది, చెమట పట్టింది. మ్యాచ్ అయిపోయిన వెంటనే ఒళ్ళు చల్లారదు. 1971లో డాల్ఫ్ జిల్మన్ అనే పరిశోధకుడు చూపించింది ఇదే. ఒకచోట పుట్టిన ఉద్రేకం కాసేపు ఒంట్లో మిగిలి ఉండి, తర్వాత వచ్చే దేనికో అంటుకుని దాన్ని ఇంకా పెంచుతుంది. అందుకే ఓడిన వెంటనే ఇంకో మ్యాచ్ నొక్కినవాడి నోరు ముందే వేడెక్కి ఉంటుంది. ఇక్కడ రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలాకి వెళ్ళే కుర్రాళ్ళు ఉంటారు కదండీ. కరెంటు పోతే నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగిపోతాయి, జనరేటర్ వెంటనే వేయకపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. ఒక చెవి చెరువు మీద పెట్టి, ఒక చెవి గేమ్‌లో పెట్టి, నిద్ర ఆపుకుంటూ ఆడుతున్నవాడు తిడితే అందులో రాండమ్ పాపం ఎంత, చెరువు పాపం ఎంత? (నవ్వులు)

నాలుగోది, అంటుకోవడం. స్టాన్‌ఫర్డ్, కార్నెల్ విశ్వవిద్యాలయాల వాళ్ళు 2017లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొంతమందికి ముందు తేలిక ప్రశ్నలిచ్చారు, కొంతమందికి చిర్రెత్తేంత కష్టమైనవి ఇచ్చారు. తర్వాత అందరికీ ఒక వార్త చూపించి, కింద వ్యాఖ్య రాయమన్నారు. కొందరికి ఆ వార్త కింద అంతకుముందే దురుసు వ్యాఖ్యలు కనబడేలా పెట్టారు, కొందరికి మర్యాదైనవి. మూడ్ బాగుండి, పైన మర్యాద ఉన్నచోట నూటికి 35 వ్యాఖ్యలు దురుసుగా ఉన్నాయి. మూడ్ పాడై, పైన దురుసు కూడా ఉన్నచోట 68. మనుషులు అదే తరహా వాళ్ళు, సంఖ్య మాత్రం దాదాపు రెట్టింపు. అది వార్తల కింద చేసిన ప్రయోగమే, ఆటలో చేసింది కాదు. కానీ ఇందాకటి స్క్వాడ్‌ని గుర్తు చేసుకోండి. రెండోవాడికి రాండమ్ మీద సొంతంగా కోపం లేదు. మొదటివాడు తలుపు తీశాడు, వీడు దూరాడు. మూడోవాడు వెనకబడితే బాగోదని అమ్మ దాకా వెళ్ళాడు. అందుకని నా దృష్టిలో అసలు కీలకం మొదటి మాట. అది పడకపోతే మిగతా రెండూ చాలాసార్లు పడవు.

ఇక అయిదోది. దీనికి కొంచెం సమయం తీసుకుంటాను.

మన గోదావరి జిల్లాల వాళ్ళకి వెటకారం ఎవరూ నేర్పక్కర్లేదు. అరుగు మీద నలుగురు కూర్చుంటే అయిదోవాడు వీధిలో ప్రశాంతంగా నడవలేడు. కానీ ఆ వెటకారానికి కట్టుబాటు ఉంది. అనేవాడు ఎదుటివాడి మొహం చూస్తూ అంటాడు. వాడి మొహం మాడిందనుకోండి, అక్కడితో తగ్గి, “ఊరికే అన్నాలేవోయ్, కాఫీ తాగి వెళ్ళు” అంటాడు. మొహమే బ్రేకు. గేమ్‌లో ఆ బ్రేకు లేదు. అవతల పద్నాలుగేళ్ళ పిల్లాడు పెదవి కొరుక్కుని ఫోన్ కింద పెట్టేశాడని నీకు తెలీదు. నీకు కనబడేది హెల్మెట్ పెట్టుకున్న ఒక బొమ్మ. ఆ బొమ్మ ఏడవదు.

ఇది నా కవిత్వం కాదండి. జాన్ సులర్ అనే మనస్తత్వవేత్త 2004లోనే ఆన్‌లైన్‌లో మనిషికి ఎందుకు పగ్గాలు తెగుతాయో ఆరు కారణాలుగా విడగొట్టి రాశాడు. పేరు తెలియకపోవడం, మనిషి కనబడకపోవడం, జవాబు వెంటనే ఎదుర్కోనక్కర్లేకపోవడం, ఇదంతా ఉత్త ఆటే అనుకోవడం, పెద్దరికం అనేది లేకపోవడం, అవతలి మనిషిని మన తలలోనే ఊహించేసుకోవడం. వీటిలో ఏది ఎక్కువ పని చేస్తోందని 2012లో ఇజ్రాయెల్ పరిశోధకులు ఇద్దరు విడివిడిగా పరీక్షించారు. జంటల్ని కూర్చోబెట్టి, చాట్‌లో ఒక విషయం మీద వాదించుకోమన్నారు. కొందరికి పేర్లు తెలుసు, కొందరికి తెలీదు. కొందరు కెమెరాలో కనబడతారు. కొందరికి అచ్చంగా కళ్ళలోకి కళ్ళు పెట్టి చూసేలా ఏర్పాటు చేశారు. అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది పేరు కాదు, కళ్ళు. కళ్ళు కనబడనిచోట బెదిరింపులు, తిట్లు పెరిగాయి.

ఈ ముక్క ఎందుకు ముఖ్యమంటే, మన దగ్గర ఎవర్ని అడిగినా “ఆధార్ లింక్ పెట్టేస్తే తిక్క కుదురుతుందండీ” అంటారు. దక్షిణ కొరియా అలాంటిదే చేసి చూసింది. 2007 నుంచి పెద్ద వెబ్‌సైట్లలో రాయాలంటే అసలు గుర్తింపు చూపించాలని చట్టం పెట్టారు. దురుసు రాతలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. 2012 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధన కొట్టేసింది. పైగా పేర్లు బయటపడితే దెబ్బ తినేది వేధింపు పడేవాళ్ళే. ఊరి పేరు, ఇంటి పేరు తెలిస్తే తిట్టేవాడికి కొత్త ఆయుధం దొరికినట్టే కదా. మన దగ్గర ఇంటిపేరు వినగానే కులం కూపీ లాగే అలవాటు ఎంత ఉందో మీకు నేను చెప్పాలా?

ఆడపిల్లల సంగతి వేరు. వాళ్ళు బాగా ఆడినా తిట్లు తప్పవు. హేలో 3 అనే ఆటలో చేసిన ఒక ప్రయోగాన్ని 2013లో ప్రచురించారు. ముందే రికార్డు చేసిన అవే మాటల్ని ఒకసారి మగ గొంతుతో, ఒకసారి ఆడ గొంతుతో వినిపించారు. ఆడ గొంతుకి మూడు రెట్లు ఎక్కువ చెడ్డ వ్యాఖ్యలు పడ్డాయి. అదే సమాచారాన్ని 2015లో ఇంకోలా చూశారు, తిట్టింది ఎవరు అని. బాగా ఆడేవాళ్ళు ఆడ గొంతుతో మర్యాదగానే ఉన్నారు. ఆటలో వెనకబడ్డ మగవాళ్ళే ఎక్కువ దురుసుగా ఉన్నారు, అదీ ముఖ్యంగా ఆడ గొంతు విన్నప్పుడే. మగవాడి చేతిలో ఓడితే ఫరవాలేదు, ఆడపిల్ల చేతిలో ఓడితే పరువు పోతుందన్న లెక్క. వెనక వరసల్లో ఉన్న తమ్ముళ్ళు కొంచెం ఆలోచించుకోండి, ఆ మైక్ ఆన్ చేసి మీరు లోకానికి చాటుతున్నది మీ ర్యాంకు. (నవ్వులు) దీని ఫలితం, అమ్మాయిలు మైక్ ఆఫ్ పెట్టి, మగ పేర్లతో ఆడతారు. మైక్ లేనివాడు రివైవ్ ఇవ్వలేదని తిట్టేది మళ్ళీ మనమే.

నిజంగా ఏడిపించడంలోనే ఆనందం పొందేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. రిచర్డ్ బార్టిల్ 1996లోనే ఆన్‌లైన్ ఆటగాళ్ళని నాలుగు రకాలుగా విడగొట్టినప్పుడు ఒక రకం ఇదే. ఇతరుల మీద పెత్తనం చూపిస్తేనే వాళ్ళకి ఆట రుచి. 2014లో కెనడా పరిశోధకుల సర్వేలో ఇంటర్నెట్‌లో కావాలని ఏడిపించేవాళ్ళకీ, పరపీడనలో సుఖపడే గుణానికీ గట్టి సంబంధం కనబడింది. వీళ్ళు కోపంగా ఉండరు. చల్లగా ఉంటారు. బండిలో ఎక్కించుకుని తీసుకెళ్ళి నీళ్ళలో తోసేస్తారు, తలుపుకి అడ్డంగా నిలబడి బయటికి రానివ్వరు, నాక్ అయినవాడి పక్కన కూర్చుని రివైవ్ మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తారు. వీళ్ళకి మీ అరుపే జీతం. కాబట్టి వాదన పనికిరాదు. ఇంతకు మించి వీళ్ళ మీద సమయం వృథా చేయను.

ఏం చేయాలి అన్నదానికి వద్దాం. ముందు ఆడేవాళ్ళకి.

మ్యాచ్ మొదలుకాకముందే వాయిస్‌ని, ఎదుటి టీమ్‌లకీ వినబడే ‘ఆల్’ మీద నుంచి ‘టీమ్’ మీదకి మార్చండి. రయట్ వాళ్ళు ఇదే పరీక్షించారు. ఎదుటి టీమ్‌తో చాట్‌ని తీసేయలేదు, ఊరికే డిఫాల్ట్‌గా ఆఫ్‌లో పెట్టారు. కావాల్సినవాళ్ళు ఆన్ చేసుకోవచ్చు. చెడ్డ చాట్ దాదాపు మూడో వంతు తగ్గింది, మొత్తం చాట్ వాడకం మాత్రం పెద్దగా తగ్గలేదు. ఒక్క నొక్కు దూరం పెడితే చాలు, కోపం అక్కడిదాకా రాకముందే చల్లారుతుంది.

మీ గేమ్ పేరులో ఊరు, కాలేజీ, కులం, పుట్టిన సంవత్సరం పెట్టకండి. ఇన్‌స్టాలో ఉన్న పేరే గేమ్‌లోనూ పెట్టుకుంటే వెతుక్కుంటూ అక్కడికొస్తారు.

మొదటి తిట్టు పడగానే మ్యూట్. రెండోది దాకా ఆగొద్దు. టీమ్ జాబితాలో పేరు పక్కన స్పీకర్ గుర్తు ఉంటుంది, ఆటని బట్టి చోటు మారుతుంది, గొడవ లేనప్పుడే వెతికి పెట్టుకోండి. “నిన్ను మ్యూట్ చేస్తున్నా” అని చెప్పి మరీ చేయొద్దు, అది జవాబు కిందే లెక్క. తిరిగి గ్రెనేడ్ వేయొద్దు. టీమ్‌మేట్‌ని చంపితే మెరిట్ పాయింట్లు, అంటే నడవడికకిచ్చే మార్కులు, కోసేస్తుంది ఆట, ముందు ఎవడు మొదలుపెట్టాడని అడగదు.

మ్యాచ్ అయ్యాక రిపోర్ట్. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. తిట్టినవాణ్ణి కోపంలో ‘హ్యాకర్’ అని రిపోర్ట్ కొడతారు. అది మోసాలు వెతికే వరసలోకి వెళ్తుంది, వాళ్ళు ఆట రికార్డు చూసి మోసం లేదని మూసేస్తారు. మాటల వేధింపుకి వేరే గడి ఉంటుంది, అదే నొక్కాలి. కలిసి ఆడేవాళ్ళ క్లాన్ గ్రూపులో “అందరూ వీడి మీద రిపోర్ట్ కొట్టండి” అని పిలుపివ్వడం మాత్రం వద్దు. అది వేధింపుకి ఇంకో పేరు.

సాక్ష్యం దాచడంలో మూడు జాగ్రత్తలు. ఒకటి, పేరు కాదు, ప్రొఫైల్‌లో ఉండే అంకెల ఐడీని స్క్రీన్‌షాట్ తీయండి. పేరు రీనేమ్ కార్డుతో మార్చేసుకోవచ్చు, అంకెలు మారవు. రెండు, స్క్రీన్ రికార్డింగ్. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలాసార్లు రికార్డర్‌కి ఆట చప్పుడు వస్తుంది గానీ టీమ్ వాయిస్ రాదు, మాట్లాడే గొంతుని కాల్ కింద లెక్కగట్టి ఫోనే ఆపేస్తుంది. తీరా విన్నాక తుపాకుల మోత తప్ప ఏమీ ఉండదు. అందుకని స్నేహితుడితో ఒకసారి పరీక్షించి చూసుకోండి. గొంతు రాకపోతే ఇయర్‌ఫోన్ తీసి స్పీకర్ పెట్టి, ఇంకో ఫోన్‌తో రికార్డ్ చేయండి. మూడు, ఆ ఫైలుని వాట్సాప్‌లో పంపించుకుని అసలుది చెరిపేయకండి. వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, ఎప్పుడు తీశారన్న వివరం కూడా పోవచ్చు.

ఎక్కడ ఆట దాటి చట్టంలోకి వెళ్తుంది? ఉత్త బూతుమాటకి పోలీసు కేసు కష్టం. నెట్‌లో అభ్యంతరకరమైన మెసేజీలకి శిక్ష వేసే సెక్షన్ ఐటీ చట్టంలో 66ఏ అని ఉండేది, దాన్ని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది, ఇప్పుడు లేదు. కానీ చంపుతానని, కాళ్ళు విరగ్గొడతానని బెదిరిస్తే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 351వ సెక్షన్. ఆడమనిషి గౌరవానికి భంగం కలిగించాలని మాట్లాడితే 79. వద్దన్నా మగవాడు ఆడమనిషి వెంటపడి మెసేజీలు పెడుతూ ఉంటే 78. అశ్లీల బొమ్మలు పంపితే ఐటీ చట్టం 67, పిల్లలకి పంపితే, పిల్లల మీద లైంగిక నేరాలకి ఉన్న పోక్సో చట్టం కూడా. కులం పేరుతో దళితుల్ని, గిరిజనుల్ని అవమానిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అందులో పదిమంది చూసే చోట జరిగిందా లేదా అన్నది కోర్టు చూస్తుంది కాబట్టి, ఆ రూమ్‌లో ఇంకెవరెవరు ఆడుతూ విన్నారో వాళ్ళ ఐడీలు కూడా రాసి పెట్టుకోండి. ఫిర్యాదుకి సైబర్‌క్రైమ్ పోర్టల్ ఉంది, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్, చిన్నపిల్లలైతే 1098కి. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ముఖ్యంగా డబ్బు పెట్టి ఆడే ఆటల మీద. దాన్నీ దీన్నీ కలపకండి.

పండగలకి కస్టమ్ రూమ్, అంటే పిలిచినవాళ్ళే ఆడే సొంత మ్యాచ్, పెట్టి టోర్నీలు నడిపే కుర్రాళ్ళు ఇక్కడ ఉన్నారని తెలుసు. మీ చేతిలో కంపెనీకి లేని బలం ఒకటుంది. మీకు తెలుగొచ్చు. చాట్ వడపోతలకి తెలుగు బూతు దొరకడం కష్టం, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే మాటని పది రకాలుగా రాస్తారు, మాండలికానికో తీరు. గొంతుని వినే యంత్రాలు వచ్చాయి, 2023లో కాల్ ఆఫ్ డ్యూటీ అనే ఆటలో పెట్టారు, అదీ ఇంగ్లీషుతోనే మొదలైంది. కాబట్టి ఆడని మనిషి ఒకణ్ణి చాట్ మీద కూర్చోబెట్టండి. తప్పు చేసినవాడికి శిక్ష తర్వాతి మ్యాచ్ మొదలయ్యేలోపే పడాలి, ఏ మాటకి పడిందో ఆ మాట చూపించి మరీ. వారం తర్వాత కారణం చెప్పకుండా బ్యాన్ చేస్తే వాడు అన్యాయం జరిగిందనుకుంటాడే గానీ నోరు అదుపులో పెట్టుకోడు. రయట్ వాళ్ళకీ ఇదే అనుభవం, కారణం చూపించి, నిమిషాల్లో చెప్పినప్పుడు మారినవాళ్ళు బాగా పెరిగారు. ఇంకో మాట, కామెంటరీ చెప్పేవాడు చచ్చినవాణ్ణి ఎగతాళి చేస్తే రూమ్ అంతా అదే పాట అందుకుంటుంది. ముందు అతన్ని ఎంచుకోవడంలో జాగ్రత్త పడండి.

తల్లిదండ్రులకి. పిల్లాడు తిట్లు తిన్నానని చెప్పిన రోజున ఫోన్ లాక్కోకండి. లాక్కుంటే వాడు నేర్చుకునేది ఒక్కటే, ఇంకోసారి చెప్పకూడదని. నాన్న కువైట్‌లోనో ఖతార్‌లోనో ఉండి, అమ్మ ఒక్కతే చూసుకుంటున్న ఇళ్ళలో ఇది మరీ ముఖ్యం. ఆ ఫోన్ ఒక్కటే వాడికి స్నేహితులు, నాన్న కూడా. తిట్టేది మీవాడే అని తెలిస్తే ఇయర్‌ఫోన్ తీయించి, హాల్లో అందరి మధ్యా ఆడమనండి. ఇందాక కళ్ళ గురించి చెప్పాను కదా, అవతలివాడి కళ్ళు తేలేం గానీ అమ్మమ్మ చెవులైనా తేగలం. ఇంకా ఒక నియమం పెట్టండి, వరసగా రెండు మ్యాచ్‌లు ఓడితే పావుగంట ఆట బంద్. గంటల లెక్కన పరిమితి పెడితే మ్యాచ్ మధ్యలో ఆగుతుంది, అప్పుడు టీమ్ మొత్తం వాణ్ణి తిడుతుంది, అది మీరు తెచ్చిపెట్టిన గొడవ అవుతుంది.

ప్రశ్నలేమన్నా ఉంటే అడగండి.

(ఒక విద్యార్థి: అందర్నీ మ్యూట్ చేస్తే టీమ్ ఆట ఎలా ఆడతాం సార్?)

మంచి ప్రశ్న. అందర్నీ కాదు, తిట్టినవాణ్ణి ఒక్కణ్ణే. వాడితో కూడా ఆట ఆగదు. మ్యాప్ మీద గుర్తు పెట్టొచ్చు, శత్రువు ఉన్న వైపు మార్క్ చేయొచ్చు, క్విక్ చాట్‌లో ముందే రాసిన వాక్యాలు ఉంటాయి, ‘ఇక్కడ శత్రువు’, ‘సాయం కావాలి’, ‘సామాను ఉంది’ అని. ఆ జాబితాని మీకు కావాల్సినట్టు మార్చుకోవచ్చు. రివైవ్‌కి వస్తున్నా అన్న వాక్యాన్ని మొదటి చోట పెట్టుకోండి. ఇందాకటి రాండమ్ మైక్ లేకపోయినా అదొక్కటి నొక్కి ఉంటే, వాడు వస్తున్నాడని ఆ ముగ్గురికీ తెలిసేది.